నిజంగా మందు కొట్టిన పచ్చిక

మార్చి పదో తారీఖు పొద్దున ఫోటిస్ మంద్రాకోస్ కాఫీ తాగుతూ ఇంటి ముందు పచ్చికను చూసి, ఇవాళ మందు కొట్టాల్సిందేనని తేల్చుకున్నాడు. పలియోకంబోస్ ఊళ్ళో ఎవరి ఇంటి ముందు చూసినా నిమ్మచెట్టో, ఉల్లిమడో, కోళ్ళగూడో ఉంటుంది. పచ్చిక ఉన్నది ఒక్క ఫోటిస్‌కే. అది ముచ్చటకు వేసింది కాదు. ఊరి కూడలిలో అతనికి విత్తనాలు, ఎరువులు, మందులు అమ్మే కొట్టు ఉంది. తినడానికి పనికిరాని గడ్డినే ఇంత పచ్చగా ఉంచినవాడు, తిండి పెట్టే ఆలివ్ చెట్లకు ఎంత మంచి సరుకు ఇస్తాడో జనం తమంతట తామే లెక్క వేసుకోవాలని అతని ఎత్తుగడ. చెప్పి అమ్మిన సరుకు కన్నా చూసి కొన్న సరుకు ఎక్కువ కాలం నిలుస్తుందని అతనికి ముప్ఫై ఏళ్ళ వ్యాపారం నేర్పింది.

ఆ పచ్చిక నిండా ఇప్పుడు రదీకి మొలిచింది. చలికాలం వానలకు ఆ చేదు ఆకుకూర గుత్తులు గుత్తులుగా లేచి, పసుపు పూలు కూడా వేసింది. సరిగ్గా పదిహేను రోజుల్లో, ఇరవై ఐదో తారీఖున దేవదూత శుభవార్త పండగనాడు, ఆలివ్ రైతుల సహకార సంఘం అధ్యక్షుడు లిసాండ్రోస్ ఆ పచ్చిక మీద కుర్చీ వేసుకుని భోజనం చేయబోతున్నాడు. మర్నాడే సంఘం సమావేశం. మూడు వందల మంది రైతులకు ఈ ఏడాది మందులు ఎవరి కొట్టు నుంచి రావాలో అక్కడ తేలుతుంది. రెండేళ్ళుగా ఆ బేరం కింది వీధి నికిఫోరోస్ దగ్గర ఉంది. మూడో ఏడు కూడా అక్కడే ఉంటే ఫోటిస్ కొట్టు మూసుకోవడమే మేలు. ఈ సంగతి అతనికీ తెలుసు, భార్య ఎవాంథియాకూ తెలుసు, అందుకే ఇద్దరూ దాని గురించి మాట్లాడుకోరు.

"వెనిగర్‌లో ఉప్పు కలిపి, రెండు చుక్కలు గిన్నెల సబ్బు వేసి కొట్టు. సాయంత్రానికల్లా మాడిపోతుంది. మా అమ్మ జీవితమంతా అదే కొట్టింది," అంది ఎవాంథియా.

"మీ అమ్మ కొట్టింది రాళ్ళ సందుల్లో. వెనిగర్‌కి కళ్ళుండవు. రదీకితో పాటు గడ్డినీ మాడుస్తుంది. ఉప్పు పడ్డ నేలలో మళ్ళీ ఏడాది దాకా ఏదీ మొలవదు."

"అయితే మరిగే నీళ్ళు పొయ్యి."

"ఎవాంథియా, మందుల కొట్టువాడి పెళ్ళాం కలుపు మీద మకరోనీ ఉడికించిన నీళ్ళు పోస్తోందని ఊరంతా చెప్పుకుంటే నికిఫోరోస్ మనకు మిఠాయి పంపిస్తాడు. మన కొట్టులో సరుకు మన ఇంట్లోనే వాడకపోతే ఎలా?"

"మన కొట్టులో సరుకు కాబట్టే భయం నాకు," అని ఆమె చర్చి ఊడ్చే వంతు తనదని వెళ్ళిపోయింది.

ఫోటిస్ గడ్డిని వదిలి వెడల్పాకు మొక్కను మాత్రమే చంపే మందు కలుపుకున్నాడు. దాని గుణం అతనికి బాగా తెలుసు. మొదటి రెండు రోజులు మొక్క ఏమీ ఎరగనట్టు ఉంటుంది, ఇంకాస్త నవనవలాడుతుంది కూడా. తర్వాత మెలి తిరుగుతుంది. పదిహేనో రోజుకు వేరుతో సహా పోతుంది. గాలి లేని వేళ చూసి, స్ప్రేయర్ వీపుకు తగిలించుకుని, గుత్తి గుత్తికీ కొట్టి, చేతులు కడుక్కుని, కొట్టు తెరవడానికి వెళ్ళాడు. కంచెకు బోర్డు వేలాడుతూనే ఉంది: 'మందు కొట్టాం. కోయరాదు.' అది ఆరేళ్ళ కిందటిది. ఈ ఆరేళ్ళలో ఇవాళ్టి దాకా అతను అక్కడ మందు కొట్టలేదు. ఆకుకూర ఏరే ఆడవాళ్ళు గడ్డి తొక్కకుండా పెట్టిన బోర్డు అది. ఊళ్ళో అంజూరానికీ నారింజకీ ద్రాక్షపందిరికీ అలాంటి బోర్డే ఉంటుంది. రాయడం వచ్చిన ప్రతివాడూ రాస్తాడు, చదవడం వచ్చిన ఏ ఒక్కడూ నమ్మడు.

మధ్యాహ్నం పన్నెండింటికి ఇంటికి వచ్చేసరికి పచ్చిక మీద ఒక్క రదీకి లేదు. ఫోటిస్ ఒక్క క్షణం పొంగిపోయాడు. పదిహేను రోజుల పని అయిదు గంటల్లో చేసిన మందును ఇన్నాళ్ళూ ఇంత తక్కువ ధరకు అమ్మానేమిటని కూడా అనుకున్నాడు. తర్వాత వంగి చూశాడు. గుత్తి ఉన్న ప్రతిచోటా కత్తిమొన పెట్టి తవ్విన చిన్న గుంట ఉంది. పాస్కా, అంటే ఈస్టర్ పండగ, ముందు నలభై రోజుల ఉపవాసాలు నడుస్తున్నాయి. మాంసం లేదు, పాలు లేవు, వారంలో అయిదు రోజులు నూనె కూడా లేదు. ఊరంతా బతికేది ఈ ఆకు మీదే.

పక్కింటి కిటికీలోంచి నీళ్ళ చప్పుడు వినిపించింది. అక్కడ డెబ్బై రెండేళ్ళ పొలిక్సెనీ పళ్ళెం నిండా ఆకు పోసుకుని కడుగుతోంది.

"పిన్నీ, ఆ ఆకు ఎక్కడిది?"

"ఎక్కడిదేంటి నాయనా, నీ గడ్డిలోదే. నీకు పుణ్యం వస్తుంది, మాకు కూర వస్తుంది."

"బోర్డు చూడలేదా?"

"ఆరేళ్ళుగా చూస్తున్నా. రంగు వెలిసింది, కొత్తది రాయించు."

"పిన్నీ, ఈసారి నిజంగా కొట్టాను."

పొలిక్సెనీ ఆకు కడగడం ఆపలేదు. "నా మల్బరీ చెట్టుకు ఎర్రనీళ్ళ సీసాలు వేలాడుతున్నాయిగా? అది కూడా ఘోరమైన విషమేనని అందరికీ చెబుతాను. పోయినేడు నీ పెళ్ళాం ఆ పళ్ళు ఒక గిన్నెడు తిన్నది. బాగానే ఉందిగా?"

ఆ క్షణంలో ఫోటిస్ బుర్రలో తక్కెడ అటూ ఇటూ తూగింది. నిజం గట్టిగా చెబితే ఈవిడ కచ్చితంగా నమ్ముతుంది, నమ్మిన అరగంటలో ఊరంతా నమ్ముతుంది: చంటిపిల్లాడు తాగినా ఏం కాదని ఫోటిస్ అమ్మే మందు ముసలామె ప్రాణం తీయబోయిందట. అలా చెప్పి అమ్మిన మాట వాస్తవం. కొనేవాడి భయం పోగొట్టడం వ్యాపారంలో భాగమని అతను అనుకునేవాడు. కాబట్టి ఆకు వెనక్కి రావాలి, నిజం మాత్రం బయటికి రాకూడదు.

"మందంటే అదీ ఇదీ కాదు పిన్నీ. వెనిగర్, ఉప్పు, కాస్త సబ్బు. తింటే రుచి ఉండదని చెబుతున్నాను, అంతే."

"ఇంకేం, మసాలా నువ్వే వేసి పెట్టావు," అంది పొలిక్సెనీ.

ఆ ఆకును వెనక్కి తీసుకోవడానికి ఫోటిస్ ఒక బస్తా కోళ్ళదాణా ఇస్తానన్నాడు. పొలిక్సెనీ అతణ్ణి ఎగాదిగా చూసింది. ఆ చూపు అతనికి తెలిసినదే. తన సరుకు తాననుకున్న దాని కన్నా విలువైనదని గ్రహించిన మనిషి చూపు అది. ఆకు సంచిలో పోసి ఇచ్చింది. "ఇంకో సంచి ఫాదర్ గారి భార్యకు ఇచ్చాను. నీకంత ప్రాణంగా ఉంటే అడిగి చూడు. ఆవిడకు కోళ్ళు మాత్రం లేవు," అని ఫోన్ దగ్గరికి వెళ్ళింది.

ఫాదర్ థిమియోస్ ఇల్లు రెండు వీధుల అవతల; వాళ్ళ చర్చిలో ఫాదర్లు పెళ్ళి చేసుకోవచ్చు. ఫోటిస్ పరుగున వెళ్ళాడు, కబురు మాత్రం తీగమీద అంతకన్నా ముందే వెళ్ళింది. ఫాదర్ భార్య అర్గిరో పొయ్యి ముందు నిలబడి, మరుగుతున్న గిన్నె మూత మీద చెయ్యి వేసుకుని ఎదురుచూస్తోంది.

"పొలిక్సెనీ చెప్పింది. వెనిగర్ కొడితే ఆకు లేత పడుతుందని కనిపెట్టావటగా. అందుకే ఏరినవన్నీ వెనక్కి తీసుకుంటున్నావట."

"అలాంటిదేమీ లేదు అమ్మగారూ. మా ఎవాంథియాకు కాస్త నలతగా ఉంది, ఈ ఆకే కావాలంటోంది."

"ఎవాంథియా చర్చిలో నిచ్చెనెక్కి దీపాలు తుడుస్తోంది. ఇప్పుడే చూసి వచ్చాను."

ఫోటిస్ ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు. "ఏం కావాలో అడగండి," అన్నాడు.

"నాకేం వద్దు. చర్చి తోటకు మాత్రం నీళ్ళ పైపు లేదు. రెండేళ్ళుగా అడుగుతున్నాం."

"ముప్ఫై మీటర్లది ఇస్తాను."

"దేవుడికి నీ మనసు మార్చడానికి ఎంత చిన్న ఆకు సరిపోయిందో చూడు," అని అర్గిరో గిన్నెతో సహా అతని చేతిలో పెట్టింది. "గిన్నె జాగ్రత్త, మా అత్తగారిది. ఇంతకూ మూడో సంచి నీకు ముందే దొరికిందా?"

"మూడోదేంటి?"

"పొలిక్సెనీ చేతిలో మూడు సంచులున్నాయి. ఒకటి మేనకోడలికి అంది. అదే, మన అధ్యక్షుడిగారి భార్య కల్లిరోయికి."

ఫోటిస్ వెంటనే అధ్యక్షుడి ఇంటి వైపు బయల్దేరాడు. మరిగే గిన్నెను గుడ్డతో పట్టుకుని, మోచేతికి సంచి తగిలించుకుని కూడలి దాటబోయేసరికి తన కొట్టు ముందు వరస కనిపించింది. తొమ్మిది మంది ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ప్రతి చేతిలోనూ ఆకుకూర సంచి ఉంది.

"ఫోటిస్, మా దగ్గర కోళ్ళున్నాయి," అంది మొదటి ఆమె.

"నాకు పైపు వద్దు, టమాటా నారు చాలు," అంది వెనకాల ఆమె.

"ఇవి నా పచ్చికలోవేనా?" అని అడిగాడు ఫోటిస్.

తొమ్మిది గొంతులూ ఒక్కసారే అవునన్నాయి. తను కొట్టుకు వెళ్ళాక పొలిక్సెనీ ఒక్కతే వచ్చిందో, ఇంకెవరైనా వచ్చారో ఎవరికి తెలుసు? ఈ సంచుల్లో ఎనిమిది కొండవాలు మీద ఏరినవే కావచ్చు. తొమ్మిదోది కాకపోతే? రదీకి ఆకు మీద అది ఎక్కడిదో అచ్చు వేసి ఉండదు. మనిషి ప్రాణాన్ని టమాటా నారుతో తూచే తక్కెడ తన కొట్టులో లేదు. సంచులన్నీ తీసుకుని లోపలి గదిలో పడేసి తాళం వేశాడు. దాణా, నారు, పూలకుండీలు, కత్తెరలు తీసుకుని తొమ్మిది మందీ వెళ్ళారు. పోతూ పోతూ చివరి ఆమె అడిగింది: "వెనిగర్ ఎన్నిపాళ్ళు, ఉప్పు ఎన్నిపాళ్ళు? నువ్వే ఇంట్లో అది కొడుతుంటే మాకెందుకు ఈ ఖరీదు సీసాలు?"

ఫోటిస్ మళ్ళీ గిన్నె ఎత్తుకుని కదిలాడు. అప్పటికే రెండు కావస్తోంది. అది ఊరంతా భోజనానికి కూర్చునే వేళ.

లిసాండ్రోస్ ఇంట్లో బల్ల చుట్టూ ముగ్గురున్నారు. ఆయన, భార్య కల్లిరోయి, ఆమె తల్లి. ముసలావిడకు తొంభై దగ్గర పడుతోంది, చెవులు సరిగా వినపడవు. బల్ల మధ్యలో తెల్ల పింగాణీ గిన్నెలో ఉడికిన రదీకి పొగలు కక్కుతోంది. పక్కన కోసిన నిమ్మకాయ, ఆలివ్ కాయలు, రొట్టె ఉన్నాయి. లిసాండ్రోస్ చేతిలో ఫోర్కు ఉంది.

"రా ఫోటిస్, కూర్చో. చేతిలో అదేంటి, ఇంకా తెచ్చావా?" అన్నాడు.

"మీరు తిన్నారా?"

"ఇంకా లేదు. నీ గురించే అనుకుంటున్నాం. ఇంట్లో నువ్వు వెనిగర్, ఉప్పు కొట్టుకుంటున్నావట." లిసాండ్రోస్ నిమ్మకాయ పిండుతూ, తల ఎత్తకుండానే అన్నాడు. "తన సరుకు తానే నమ్మనివాడి దగ్గర మూడు వందల మందికి సరుకు ఎలా తీసుకోమంటావు? ఇరవై ఐదో తారీఖు భోజనానికి శ్రమ పడొద్దని చెప్పి పంపిద్దామనుకున్నా. నువ్వే వచ్చావు."

ఫోటిస్ గుమ్మంలో అలాగే నిలబడ్డాడు. బేరం పోయింది. అబద్ధమే దాన్ని పోగొట్టింది. ఇప్పుడు నిజం చెబితే బేరంతో పాటు పేరు కూడా పోతుంది. మాట్లాడకుండా వెనుదిరిగితే పేరులో సగమైనా మిగులుతుంది. ఉడికించిన ఆకు, అదీ ఒక పూట, బహుశా ఏమీ కాకపోవచ్చు. ఆ 'బహుశా' అన్న మాట దగ్గర అతని లెక్క ఆగిపోయింది. లిసాండ్రోస్ ఫోర్కు గిన్నెలోకి దిగింది.

ఫోటిస్ మూడంగల్లో బల్ల దగ్గరికి వెళ్ళి, పింగాణీ గిన్నె ఎత్తి, ఉన్న ఆకంతా ఫాదర్ భార్య గిన్నెలోకి కుమ్మరించాడు. లిసాండ్రోస్ పళ్ళెంలో పడ్డ రెండు రెమ్మల్ని కూడా వేళ్ళతో ఏరాడు.

"వెనిగర్ కాదు లిసాండ్రోస్ గారూ, మందే," అన్నాడు. "మా కొట్టులో మందే. పొద్దున ఏడింటికి కొట్టాను. బోర్డు ఆరేళ్ళు అబద్ధం, ఇవాళ ఒక్కరోజు నిజం. పొలిక్సెనీ పిన్నికి చెప్పడానికి నోరు రాక వెనిగర్ అన్నాను. చంటిపిల్లాడు తాగినా ఏం కాదని మీ అందరికీ చెప్పి అమ్మాను చూడండి, అది కూడా అబద్ధమే. అది విషం. ఆకు మీద పడితే వేరు దాకా దిగుతుంది. చేతికి తొడుగు లేకుండా ముట్టకూడదు, మూతికి గుడ్డ కట్టుకోకుండా కొట్టకూడదు. అది పడ్డ చోట ఏదీ ఏరుకుని తినకూడదు."

"ఎవరైనా పోయారా?" అని అడిగింది ముసలావిడ.

"ఎవరూ పోలేదమ్మా," అంది కల్లిరోయి ఆమె చెవి దగ్గరకు వంగి.

"మరి కూర ఎందుకు తీసుకుపోతున్నాడు?"

లిసాండ్రోస్ ఫోర్కు పక్కన పెట్టాడు. రొట్టె ముక్కను వేళ్ళ మధ్య నలిపాడు.

"వేరు దాకా దిగుతుందా?" అన్నాడు.

"దిగుతుంది."

"నిజంగా?"

"మీ పళ్ళెంలోంచి లాక్కోవడానికి ఊరంతా పరిగెత్తానండీ. నిజం కాకపోతే ఎందుకు పరిగెత్తుతాను?"

"నికిఫోరోస్ రెండేళ్ళ కిందట సమావేశంలో తన మందు మూతనిండా పోసుకుని తాగి చూపించాడు. అంత మంచిది అన్నాడు. మేం చప్పట్లు కొట్టి రాసిచ్చాం. రెండేళ్ళు తోటల్లో కొట్టాం." లిసాండ్రోస్ నలిపిన రొట్టెను నోట్లో వేసుకున్నాడు. "అతనికీ ఏమీ కాలేదు, కలుపుకీ ఏమీ కాలేదు."

బేరం తనంతట తాను నడిచి వస్తున్నప్పుడు దాని దారికి అడ్డు నిలబడకూడదని ఫోటిస్‌కు తెలుసు.

"ఇరవై ఐదుకు వస్తాం. ఒకటే షరతు," అన్నాడు లిసాండ్రోస్. "ఇప్పుడు నాకు చెప్పినదంతా మర్నాడు సమావేశంలో మూడు వందల మందికీ చెప్పాలి. చంటిపిల్లాడి సంగతితో సహా."

"చెబుతాను."

"కల్లిరోయి, ఆలివ్ కాయలు ఇటు జరుపు. ఇవాళ్టికి ఇదే కూర."

ఆ సాయంత్రం ఫోటిస్ సంచుల్లోని, గిన్నెలోని ఆకునంతా కొట్టు వెనక గొయ్యి తీసి పూడ్చాడు. తర్వాత ఇంటింటికీ వెళ్ళి, ఆ తొమ్మిది మందికీ, ఫాదర్ భార్యకూ, పొలిక్సెనీకీ నిజం చెప్పాడు. ఫాదర్ భార్య గిన్నెను మూడుసార్లు తోమింది. పైపు మాత్రం వదులుకోలేదు.

"అంటే పొద్దున నువ్వు చెప్పింది నిజమన్నమాట," అంది పొలిక్సెనీ.

"నిజమే పిన్నీ."

"తర్వాత చెప్పింది అబద్ధం."

"అవును."

"నేను రెండోదాన్ని నమ్మి వెనిగర్, ఉప్పు కలిపి ఉల్లిమడి మీద కొట్టాను నాయనా. కలుపు పోయింది. ఉల్లి కూడా పోయింది. నువ్వు నిజం చెప్పేటప్పుడు కాస్త మొహం మార్చి చెప్పు, మాకు తెలుస్తుంది."

ఉల్లినారు అతనే ఇచ్చాడు, ఉప్పు పడని చోట నాటుకోమని చెప్పి మరీ ఇచ్చాడు. పాత బోర్డు పీకేసి, ఎర్రరంగుతో కొత్తది రాయించాడు: 'నిజంగా మందు కొట్టాం.' వారం తిరక్కుండానే ఊళ్ళో అంజూరాల మీద, నారింజల మీద, ద్రాక్షపందిళ్ళ మీద ఉన్న బోర్డులన్నిటికీ ముందు 'నిజంగా' అన్న మాట వచ్చి చేరింది.

ఇరవై ఐదో తారీఖు ఎండ బాగా కాసింది. ఉపవాసాల మధ్య ఆ ఒక్కరోజు చేప తినవచ్చు కాబట్టి ఎవాంథియా ఉప్పుచేప వేయించి, వెల్లుల్లి ముద్ద నూరి బల్ల మీద పెట్టింది. లిసాండ్రోస్, సంఘం సభ్యులిద్దరూ పచ్చిక మీద కుర్చీలు వేసుకున్నారు. కత్తిగుంటలన్నీ పూడిపోయాయి. అంచు నుంచి అంచు దాకా ఒక్క పరాయి ఆకు లేదు. పొలిక్సెనీ వేర్లతో సహా తవ్వుకుపోయింది కాబట్టి, మందుకు అక్కడ చంపడానికి ఏమీ మిగల్లేదన్న సంగతి ఆ బల్ల దగ్గర ఉన్నవాళ్ళలో భార్యాభర్తలిద్దరికే తెలుసు.

లిసాండ్రోస్ బూటు మొనతో గడ్డి పాయతీసి చూశాడు. సభ్యులు కూడా వంగి చూశారు.

"వేరు కూడా లేదు," అన్నాడు వారిలో ఒకాయన గౌరవంగా.

"చెప్పానుగా," అన్నాడు లిసాండ్రోస్. "ఇదీ మందంటే. ఏమంటావు ఫోటిస్?"

ఎవాంథియా మొగుడి వైపు చూసింది. ఫోటిస్ పెద్ద చేపముక్క ఒకటి తీసి నోట్లో పెట్టుకున్నాడు. నోరు నిండుగా ఉన్నప్పుడు మాట్లాడటం మర్యాద కాదు.